రెండు చిట్టెలుకలు యాభై ఎనిమిది ఎలా అవుతాయి?

"రెండూ ఆడవే" అని దుకాణంవాళ్లు అట్టపెట్టెలో పెట్టి ఇచ్చిన తెల్ల చిట్టెలుకల జత మూడు వారాలకు పది కావడం, ఈ పెంపకంలోకి కొత్తగా దిగినవారికి తరచూ ఎదురయ్యే అనుభవం. ఒక పొద్దున పంజరం మూలన చింపిన కాగితాల కుప్ప దానంతట అదే కదులుతుంది. మెల్లగా తొలగించి చూస్తే లోపల చిక్కుడు గింజలంత గులాబీరంగు పిల్లలు, కళ్లు మూసుకుని ఒకదాని మీద ఒకటి దొర్లుతుంటాయి.

అక్కడితో ఆగితే సరే. ఆపకపోతే లెక్క ఇలా నడుస్తుంది. మొదటి రోజు ఒక ఆడ, ఒక మగ. 20వ రోజుకు 8 పిల్లలు, అందులో సగం ఆడవి అనుకుందాం. ఈనిన రోజే తల్లి మళ్లీ ఎదకు వస్తుంది కనుక 45వ రోజుకు మరో 8, 70వ రోజుకు ఇంకో 8. ఈలోగా మొదటి ఈతలోని ఆడపిల్లలు నాలుగూ ఆరు వారాలకే ఎదిగి, విడదీయకుండా వదిలేసిన అన్నదమ్ములతోనో తండ్రితోనో కలుస్తాయి. 85వ రోజుకు అవి తలా ఎనిమిదేసి పెడితే 32. వెరసి మూడు నెలలు తిరగకముందే 58.

ఇది కాగితం మీది లెక్క. నిజంలో కొన్ని పిల్లలు పోతాయి, కొన్ని ఈతలు చిన్నవవుతాయి. అయినా ఇంత వేగం ఎక్కడిది, దాన్ని పట్టి ఉంచడం ఎలా అన్నదే పెంచేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతి. జవాబు రెండు చోట్ల ఉంది. ఒకటి ఆ ఒంటి చిన్నతనంలో, రెండోది దాని మూత్రంలో.

అటక మీది చుట్టమే

పెంపుడు చిట్టెలుక, అటక మీద బియ్యం బస్తా కొరికే చిట్టెలుక ఒకే జాతి. శాస్త్రనామం మస్ మస్క్యులస్. ఎదిగాక తూగేది 20 నుంచి 40 గ్రాములు. పొలం గట్లు తవ్వే పందికొక్కు దీనికి దూరపు బంధువు (ఇంగ్లిషువాళ్ల 'బాండికూట్' ఈ తెలుగు మాట నుంచి వెళ్లిందే). ముక్కు సాగి, ఘాటు కంపుతో గోడవారగా పోయే చుంచు మాత్రం అసలు ఎలుకల వంశమే కాదు. అది పురుగులు తిని బతికే వేరే కుటుంబం.

సరదాకు ఎలుకలు పెంచడం పాత అలవాటే. జపాన్‌లోని క్యోటోలో రకరకాల రంగుల చిట్టెలుకల పెంపకం మీద 1787లోనే ఒక చిన్న పుస్తకం వెలువడింది. ఇంగ్లండ్‌లో నేషనల్ మౌస్ క్లబ్ 1895లో పుట్టింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని గ్రాన్బీలో అబీ లాత్రప్ అనే మాజీ ఉపాధ్యాయురాలు కోళ్ల పెంపకం కలిసిరాక చిట్టెలుకలు పెంచి అమ్మడం మొదలుపెట్టింది. హార్వర్డ్ శాస్త్రవేత్తలు ఆమె దగ్గరే కొనేవారు. ఆమె పెంచిన 57వ నంబరు ఆడ ఎలుక నుంచి దిగివచ్చిన నల్ల ఎలుకల వంశమే ఇవాళ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో వాడే 'సి57 బ్లాక్ 6'. 2002లో చిట్టెలుక జన్యుపటం ప్రచురించినప్పుడు చదివింది కూడా ఈ వంశపు జన్యువులనే.

తెల్లదాని కథ వేరు. 1926లో క్లారా లించ్ అనే పరిశోధకురాలు స్విట్జర్లాండ్‌లోని లొసాన్ నుంచి 2 మగ, 7 ఆడ ఎలుకలను న్యూయార్క్ తెప్పించింది. వాటి సంతతికి 'స్విస్' అన్న పేరు స్థిరపడింది. భారతదేశపు ప్రయోగశాలల్లో విరివిగా కనిపించేది ఈ స్విస్ ఆల్బినోయే. ఇక్కడి పెట్ షాపుల్లో దొరికే ఎర్రకళ్ల తెల్ల చిట్టెలుక చూపులకు దానికి అచ్చుగుద్దినట్టు ఉంటుంది.

గంగాళం, టీ గ్లాసు

ఒకే పొయ్యి మీద కాగిన నీళ్లను గంగాళంలో కొన్ని, టీ గ్లాసులో కొన్ని పోసి పెడితే గ్లాసులోవి ముందు చల్లారతాయి. వస్తువు చిన్నదయ్యేకొద్దీ లోపలి సరుకు తగ్గినంతగా పై తలం తగ్గదు. వేడి పోయేది పై తలం నుంచే. చిట్టెలుక అలాంటి గ్లాసు. లోపల 37 డిగ్రీలు నిలబెట్టుకోవాలంటే పొయ్యి ఆరకుండా మంట పెడుతూనే ఉండాలి. అందుకే గుండె నిమిషానికి 500 నుంచి 700 సార్లు కొట్టుకుంటుంది. 30 గ్రాముల ఎలుక రోజుకు నాలుగైదు గ్రాములు తింటుంది. 60 కిలోల మనిషి అదే లెక్కన తినాలంటే రోజుకు తొమ్మిది కిలోలు కావాలి. ఒక పూట మేత, నీళ్లు మరిచిపోవడం కుక్కకు చిన్న విషయం, దీనికి కాదు.

ఇంత వేగంగా మండే ఒళ్లు ఎక్కువ కాలం నిలవదు. పంజరంలో క్షేమంగా పెరిగినా ఆయుష్షు ఏడాదిన్నర నుంచి రెండేళ్లు. బయట గుడ్లగూబ, పిల్లి, పాము మధ్య అన్నాళ్లూ దొరకవు. రేపటి మీద ఆశ లేని జీవికి పిల్లల్ని త్వరగా, ఎక్కువగా పెట్టడమే వంశం నిలిచే దారి. మొదటి లెక్కలోని తొందరకు మూలం అదే.

చిట్టెలుకకు హాయిగా ఉండే ఉష్ణోగ్రత దాదాపు 30 డిగ్రీలు. అంతకు తగ్గితే అది ఊరుకోదు, గూడు కడుతుంది. పంజరంలో ఒక టిష్యూ కాగితం వేసి గంటసేపు గమనిస్తే ఆ పనితనం కనిపిస్తుంది. ముందు అంచు పట్టి మూలకు లాక్కుపోతుంది. ముందరి కాళ్లతో అదిమి, పళ్లతో పొడుగ్గా చీలికలు తీస్తుంది. కుప్ప మధ్యలో కూర్చుని గుండ్రంగా తిరుగుతూ ఒంటితోనే గుంట చేసి, అంచులను పైకి లాగి కప్పు వేసుకుంటుంది. కాసేపటికి పిచ్చుక గూడు లాంటి బంతి తయారవుతుంది. గూడు సామగ్రి లేని పంజరం దీనికి దుప్పటి లేని చలిరాత్రి.

విజయవాడ, రామగుండం మే నెలలో కష్టం తిరగబడుతుంది. చెమట పట్టే ఏర్పాటు దీని ఒంటికి లేదు. ఉమ్మి పూసుకుంటుంది, వెంట్రుకలు పెద్దగా లేని తోక నుంచి వేడి వదులుతుంది. అంతకు మించి ఉపాయం లేదు. గది 35 దాటితే నేల మీద చాచుకు పడుకోవడం, ఆయాసపడడం కనిపిస్తాయి. పంజరాన్ని కిటికీ ఎండకు దూరంగా, కింది అంతస్తులో ఉంచి, లోపల ఒక చల్లని గచ్చు పలకో మట్టి మూకుడో పెడితే దాని మీదికి వచ్చి పడుకుంటుంది. కూలర్ గాలి నేరుగా తగలకూడదు. పంజరంలో కింద పరిచిన పొట్టు తడిస్తే బూజు మొదలవుతుంది.

ఇల్లు ఎలా ఉండాలి

ఊచల మధ్య సందు 6 మిల్లీమీటర్లు మించకూడదు. పుర్రె దూరితే మిగతా ఒళ్లు దూరిపోతుంది, పిల్ల ఎలుకకు చిటికెన వేలంత సందు చాలు. గాజు తొట్టి మీద సన్నటి ఇనుప జాలీ బిగించినా పనికొస్తుంది కానీ తొట్టి ఎత్తు కంటే వెడల్పు ఎక్కువగా ఉండాలి, గాలి ఆడాలి.

గాలి సంగతి ఎందుకంటే, మూత్రంలోని యూరియాను పొట్టులో పెరిగే బ్యాక్టీరియా అమ్మోనియాగా మారుస్తుంది. నేలకు రెండంగుళాల ఎత్తులో బతికే జీవి రాత్రింబగళ్లు పీల్చేది దాన్నే. అమ్మోనియా ఊపిరితిత్తుల లోపలి పొరను ఒరిపిడి పెడితే, చాలా ఎలుకల్లో ముందే నక్కి ఉండే మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి తల ఎత్తుతుంది. తుమ్ములు, 'చిక్ చిక్' మనే ఊపిరి దాని గుర్తులు. మనిషి ముక్కుకు కంపు తగిలేసరికే దాని ముక్కుకు ఆలస్యమైపోయి ఉంటుంది.

కింద పరవడానికి కాగితపు ముక్కలు మంచివి. మన దగ్గర ప్రయోగశాలలు శుద్ధి చేసిన వరి ఊక కూడా వాడతాయి. ఇంట్లో వాడితే దుమ్ము జల్లించి, ఎండబెట్టి వేయాలి. దేవదారు, పైన్ రంపపు పొట్టు పరిమళం మనకు బాగున్నా, ఆ నూనెలు కాలేయపు పనితీరును మారుస్తాయి, ఊపిరికి మంచివి కావు.

పరుగు చక్రం అలంకారం కాదు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరుబయట, తోటలో, ఇసుక దిబ్బల్లో చక్రాలు పెట్టి చూశారు. స్వేచ్ఛగా తిరిగే అడవి చిట్టెలుకలు వాటంతట అవే వచ్చి ఎక్కి పరుగెత్తాయి. 2014లో ఈ ఫలితం అచ్చయ్యేదాకా, చక్రం తిప్పడం బందీకి పట్టిన పిచ్చి అన్న అనుమానం ఉండేది. చక్రం ఊచలతో కాక పూర్తి పలకతో ఉండాలి, లేకపోతే కాలో తోకో ఇరుక్కుంటుంది.

తెలుగు ఇళ్లలో ఇంకో శత్రువు చీమ. కళ్లు తెరవని పిల్లలకు అది పిల్లి కంటే ప్రమాదం. పాతకాలపు వంటింటి అలమరకు చేసినట్టే, పంజరం పెట్టిన బల్ల కాళ్ల కింద నీళ్ల పళ్లాలు పెట్టడం ఇప్పటికీ దాన్ని మించిన ఉపాయం లేని ఉపాయం.

బాక్సు: మేత
గింజల మిశ్రమం పోస్తే, పాయసంలో జీడిపప్పు ఏరుకునే పిల్లల్లా పొద్దుతిరుగుడు గింజలు ఏరుకు తిని మిగతావి వదిలేస్తుంది. అందుకే అన్నీ కలిపి నొక్కిన గుళికల మేత ప్రధానంగా ఉండాలి. పైన కొద్దిగా సజ్జలు, జొన్నలు, కొర్రలు, ఉడికించిన గుడ్డు ముక్క. చూడి ఎలుకకు, పాలిచ్చే తల్లికి మాంసకృత్తులు ఎక్కువ కావాలి, పాలిచ్చే రోజుల్లో మామూలుకు మూడింతల దాకా తింటుంది. విటమిన్ సి మనలా బయటినుంచి తెచ్చుకోనక్కర్లేదు, ఒంట్లోనే తయారవుతుంది. ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక కొరకడానికి గట్టి పుల్ల ఉండాలి. చిట్టెలుక వాంతి చేసుకోలేదు. కొత్త తిండిని మొదటిసారి కొంచెమే కొరికి చూసే అలవాటు వెనక ఇదొక కారణం. నీళ్ల సీసా గొట్టంలో గోళీ ఇరుక్కుపోతుంటుంది, రోజూ వేలితో తట్టి చూడాలి.

మూత్రంతో రాసిన చిరునామా

చిట్టెలుక చూపు అంతంత మాత్రం. ఎరుపు దానికి దాదాపు చీకటే. చెవి మాత్రం మనకు అందని 80 కిలోహెర్ట్‌జ్ దాకా వింటుంది. అన్నిటికీ మించింది ముక్కు. దారి పొడుగునా చుక్కలు చుక్కలుగా మూత్రం వదులుతూ పోవడం మురికి అలవాటు కాదు, వీధి పలకలు రాసుకోవడం.

ఆ రాతలోని సిరా ఒక రకం ప్రొటీన్. గట్టిగా మూత బిగించిన అత్తరు సీసా వాసనను నెమ్మదిగా వదిలినట్టు, ఈ ప్రొటీన్లు ఆవిరయ్యే వాసన పదార్థాలను కడుపులో దాచుకుని కొద్దికొద్దిగా విడుస్తాయి. చుక్క ఆరినా కబురు ఆరదు. రాసినవారు ఎవరు, మగా ఆడా, గుర్తు తాజాదా పాతదా అన్నవన్నీ చదివే ఎలుకకు తెలుస్తాయి. మగవాటిలో ఇది ఆడవాటి కంటే చాలా ఎక్కువ. మగ ఎలుకల పంజరం తొందరగా వాసన కొట్టడానికి కారణం అదే. వీటిలో ఒకదానికి ఆడ ఎలుకలు ప్రత్యేకంగా ఆకర్షితమవుతాయని 2010లో బ్రిటన్ శాస్త్రవేత్తలు కనిపెట్టి, జేన్ ఆస్టిన్ నవలా నాయకుడు డార్సీ పేరు మీద దానికి 'డార్సిన్' అని పేరు పెట్టారు. మనుషులకు ఎలుకల వల్ల వచ్చే ఎలర్జీకి ముఖ్య కారణం కూడా ఈ కుటుంబపు ప్రొటీన్లే. పొట్టు మార్చేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, తర్వాత చేతులు సబ్బుతో కడగాలి.

ఇక్కడే ఒక తికమక ఉంది. పంజరం తళతళలాడేలా కడిగిన రోజే ఎలుకలు ఎక్కువగా కొట్లాడుకుంటాయి, ఎక్కువగా మూత్రం చిలకరిస్తాయి. ఊరు రాత్రికి రాత్రి ఖాళీ అయి సరిహద్దు రాళ్లన్నీ మాయమైతే ఎవరి హద్దు ఎక్కడో మళ్లీ తేల్చుకోవాలి కదా. అలాగని పాత పొట్టు మిగల్చడమూ పొరపాటే, మూత్రం తడిసిన పొట్టు తగాదా పెంచుతుందని పరీక్షల్లో తేలింది. గొడవను తగ్గించేది పాత గూటి కాగితం. అంటే పొట్టంతా మార్చి, గూడు మాత్రం కొంత అలాగే కొత్త చోటికి చేర్చాలి.

మగవాటిని ఒకే పంజరంలో పెడితే అన్నదమ్ములైనా ఒక వయసు దాటాక కరుచుకుంటాయి. తోక మొదట్లో, వీపు చివర గాట్లు దానికి గుర్తు. ఆడవి మూడు కలిసి ఉంటే సుఖం. ఒకేసారి ఈనితే పిల్లలన్నిటినీ ఒకే గూట్లో వేసి, ఎవరి పిల్లలని చూడకుండా పాలిస్తాయి.

బాక్సు: పట్టుకునే తీరు
తోక పట్టి ఎత్తడం పాత పద్ధతి. జేన్ హర్స్ట్, రెబెకా వెస్ట్ అనే పరిశోధకులు 2010లో పోల్చి చూస్తే, తోక పట్టి ఎత్తినవి మనిషి చేతికి దూరంగా జరిగాయి, గొట్టంలోకి నడిపించో దోసిట్లోనో ఎత్తినవి చేతి దగ్గరికి వచ్చాయి. తోక చివర పట్టి లాగితే చర్మం ఒరలా ఊడివచ్చే ప్రమాదమూ ఉంది. ఒక అట్ట గొట్టం పంజరంలోనే ఉంచితే అదే పల్లకీ.

ఎద, చూలు, ఈత

పిల్ల కావాలనుకున్నవారు తెలుసుకోవలసిన మొదటి విద్య ఆడ, మగ గుర్తించడం. తోక కింద మూత్రద్వారానికీ మలద్వారానికీ మధ్య దూరం మగదానిలో ఆడదాని కంటే దాదాపు రెట్టింపు. ఒక్కదాన్ని చూస్తే పొరబడతారు, ఈతలోని పిల్లల్ని పక్కపక్కన పెట్టి పోలిస్తే తెలుస్తుంది. తొమ్మిది, పది రోజుల వయసులో పొట్ట మీద వెంట్రుకలు ఇంకా కమ్ముకోకముందు ఆడపిల్లలకు అయిదు జతల పాలచుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. మోసం లేని గుర్తు అదే.

ఆడ ఎలుక నాలుగైదు రోజులకోసారి ఎదకు వస్తుంది. కానీ ఆడవే గుంపుగా ఉంటే ఈ చక్రం మందగిస్తుంది. ఇది 1955లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు చూపినది. మరుసటి ఏడు వెస్లీ విటెన్ అనే పరిశోధకుడు దానికి రెండో సగం కలిపాడు. ఆ గుంపుకు మగ ఎలుక మూత్రం వాసన తగిలితే ఆగిన గడియారాలు ఒక్కసారిగా కదిలి, మూడో రాత్రికి చాలావరకు ఎదకు వస్తాయి. 1959లో లండన్‌లో హిల్డా బ్రూస్ కనిపెట్టింది ఇంకా విచిత్రం. జతకట్టి నాలుగు రోజులు దాటని ఆడ ఎలుక పక్కన వేరే మగ ఎలుకను, దాని మూత్రం తడిసిన పొట్టునైనా సరే, పెడితే చూలు నిలవదు. పిండం గర్భసంచి గోడకు అంటుకోకుండానే పోతుంది. పెంచేవారికి ఇందులో పాఠం తేలిక. జత కలిపాక మగదాన్ని మార్చకూడదు, వేరే మగ ఎలుక పంజరం పక్కన పెట్టకూడదు.

ఆరు వారాలకే ఈడు వచ్చినా మూడు నెలలు నిండనిదే జత కట్టించడం మంచిది కాదు. చూలు 19 నుంచి 21 రోజులు. ఈనిన రోజే మళ్లీ కలిస్తే రెండో చూలు మాత్రం ఎక్కువ రోజులు పడుతుంది. పాలు తాగే పిల్లలుండగా కొత్త పిండాలు గర్భసంచిలో అంటుకోకుండా తేలుతూ ఆగుతాయి, దుక్కిలో పడ్డ విత్తనం వాన కోసం ఆగినట్టు. అందుకే పై లెక్కలో రెండో ఈతకు 25 రోజులు వేసింది. తల్లికి ఊపిరి సలపాలంటే పొట్ట కనిపించగానే మగదాన్ని వేరు చేయాలి.

పుట్టిన పిల్ల గ్రాము, గ్రామున్నర. చర్మం ఎంత పలచనంటే తాగిన పాలు ఎడమవైపు పొట్టలో తెల్లటి మచ్చలా బయటికి కనిపిస్తాయి. ఆ మచ్చ ఉన్న పిల్ల కడుపు నిండినది, లేనిదాని మీద కన్నేయాలి. మూడు నాలుగు రోజులకు చెవులు విచ్చుకుంటాయి. వారానికి నూగు వస్తుంది. రెండు వారాలకు కళ్లు తెరుస్తాయి. ఆ తర్వాత కొద్ది రోజులు మూత తీస్తే చాలు, బాణలిలో పేలాల్లా ఎగురుతాయి. గూటి నుంచి జారిన పిల్ల మనకు వినపడని సన్నటి గొంతుతో అరుస్తుంది. తల్లి వచ్చి నోట కరుచుకు పోతుంది.

పిల్లల్ని తాకితే తల్లి తినేస్తుందన్న మాటలో సగమే నిజం. తాకే ముందు చేతులను ఆ పొట్టులోనే రుద్దుకుంటే వాసన కొత్తగా ఉండదు. తినడానికి అసలు కారణాలు ఆకలి, దాహం, అలికిడి, చచ్చిపుట్టిన పిల్లలు. మగదాని సంగతి వేరు. పరాయి పిల్లల్ని చంపే మగ ఎలుక, తాను జతకట్టిన మూడు వారాలకు, అంటే తన పిల్లలు పుట్టే వేళకు, సాధువై గూటిలో వెచ్చగా కూర్చుంటుంది. ఆ మూడు వారాలు దానికెలా తెలుస్తాయి? 1990లో అచ్చయిన ఒక ప్రయోగంలో 22 గంటల రోజులు, 27 గంటల రోజులు కృత్రిమ దీపాలతో సృష్టించి చూశారు. ఎలుక లెక్కించింది గంటలను కాదు, పగలు రాత్రి మారిన సార్లను.

నాలుగు వారాలు నిండగానే మగపిల్లల్ని వేరే పంజరానికి మార్చాలి. ఒక్క వారం ఉపేక్షిస్తే మొదటి లెక్కలోని 32కు తలుపు తెరిచినట్టే.

రంగుల పంపకం

గోధుమ రంగు తల్లిదండ్రులకు తెల్ల పిల్ల పుడితే కంగారు పడనక్కర్లేదు. తెలుపు జన్యువు ఒక్కటే ఉంటే దాగి ఉంటుంది, రెండు వైపుల నుంచీ రెండు వచ్చి కలిసినప్పుడే బయటపడుతుంది. సగటున నాలుగింట ఒకటి. మెండెల్ బఠానీల్లో చూసిన ఈ నియమం జంతువులకూ వర్తిస్తుందని 1902లో ఫ్రాన్స్‌లోని నాన్సీలో లూసియెన్ క్యూనో చూపింది చిట్టెలుకల రంగులతోనే.

అయితే పసుపు ఎలుకలు ఆయన్ను తిప్పలు పెట్టాయి. పసుపును పసుపుతో ఎన్నిసార్లు కలిపినా మూడుకు ఒకటి బదులు రెండుకు ఒకటిగానే పసుపు, మిగతా రంగులు పుట్టేవి. అన్నీ పసుపే పుట్టించే శుద్ధ పసుపు ఎలుక ఒక్కటీ దొరకలేదు. 1910లో హార్వర్డ్‌లో కాసిల్, లిటిల్ అనే శాస్త్రవేత్తలు అసలు విషయం చెప్పారు. రెండు పసుపు జన్యువులూ అందుకున్న పిండం కడుపులోనే చనిపోతుంది. పుట్టిన పిల్లల్లో ఒక వంతు తక్కువ కావడం ఆ చావులనే లెక్క చెబుతోంది. అందుకే అనుభవమున్నవారు పసుపుదాన్ని వేరే రంగుతోనే జత కడతారు. ఒక్క పసుపు జన్యువున్నవి కూడా వయసుతోపాటు విపరీతంగా లావెక్కుతాయి, వాటికి మేత కొలిచి వేయాలి.

మిగిలిపోయిన పిల్లల్ని తోటలో వదిలేయడం దయ అనిపించినా, తెల్ల ఎలుక ఆకుపచ్చ గడ్డిలో కాకి నోట పడకుండా సాయంత్రం దాకా కూడా నిలవదు. ఇంట్లోనే ఉంచుకున్నవాటిలో వయసు మళ్లినదానికి ఏడాదిన్నర దాటాక వెన్ను ఎముక తేలుతుంది, బొచ్చు గరుకుగా మారుతుంది, ఆడవాటికి పాలగ్రంథుల దగ్గర గడ్డలు రావడం మామూలు. అప్పుడు చక్రం తీసేసి, నీళ్ల గొట్టం కిందికి దించి, గుళికలను నీళ్లలో నానబెట్టి పెడితే తింటుంది.